ఫిల్టర్ దాకా రాకముందే తేటపడాల్సిన బీరు

పులియడం పూర్తయి, చల్లబడి, ట్యాంకులో నిలిచి ఉన్న బీరులో కంటికి కనిపించేవీ కనిపించనివీ చాలా మిగిలి ఉంటాయి. 5 నుంచి 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఈస్ట్ కణాలు, చేదునూ పరిమళాన్నీ ఇచ్చే హాప్స్ పూల నలుసులు, మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) నుంచి వచ్చిన ప్రొటీన్లు మొక్కల్లోని వగరు పదార్థాలైన పాలీఫినాల్‌లతో చలిలో ముడిపడి ఏర్పరచే సన్నని మసక, శుభ్రతలో ఎక్కడైనా లోపం జరిగి ఉంటే ఒక మైక్రాన్‌కు అటూ ఇటూ మందం ఉండే లాక్టోబాసిల్లస్, పీడియోకాకస్ వంటి బ్యాక్టీరియా అందులో ఉంటాయి. సీసాలోకో క్యానులోకో కెగ్గు అనే లోహపు పీపాలోకో నింపే ముందు వీటిని తీసివేయడమే వడపోత పని అని చెబుతారు. ఆ మాట నిజమే గాని పూర్తి నిజం కాదు. వడపోత తీసివేసే వాటిలో బీరును కాపాడేది కూడా ఒకటి ఉంది. బతికి ఉన్న ఈస్ట్, బీరులోకి చొరబడిన ఆక్సిజన్‌ను చాలావరకు తానే పీల్చుకుంటుంది. ఆ రక్షణను తొలగించే పని, గొట్టాలు, పంపు, ఫిల్టర్, మరో ట్యాంకు గుండా బీరును నడిపిస్తూ, గాలి సోకే అవకాశం అన్నిటికంటే ఎక్కువగా ఉన్న సమయంలోనే జరుగుతుంది. పెద్ద కర్మాగారాలు ఈ ప్రమాదాన్ని ఖరీదైన పరికరాలతో అదుపు చేస్తాయి. వెయ్యి, రెండు వేల లీటర్ల ట్యాంకులతో నడిచే చిన్న బ్రూవరీకి ఆ వెసులుబాటు తక్కువ. అందువల్ల ఏ ఫిల్టర్ కొనాలని ఆలోచించడానికి ముందు, ఫిల్టర్‌కు ఎంత తక్కువ పని మిగల్చగలమని ఆలోచించడం అక్కడ అవసరం.

తేటగా మెరిసే బీరు కావాలన్న కోరిక అంత పాతదేమీ కాదు. మట్టి పాత్రల్లో, లోహపు పాత్రల్లో తాగినంత కాలం మసకను పట్టించుకోవలసిన అవసరం పెద్దగా రాలేదు. 1842లో బొహీమియాలోని (నేటి చెక్ దేశం) పిల్సెన్ పట్టణంలో యోజెఫ్ గ్రోల్ బంగారు రంగు లాగర్ (చలిలో పులియబెట్టే బీరు) తయారు చేయడం, ఆ శతాబ్దంలోనే గాజు గ్లాసులు సామాన్యులకు అందుబాటులోకి రావడం, ఈ రెండూ కలిసి తేటదనాన్ని నాణ్యతకు గుర్తుగా నిలబెట్టాయి. 1878లో జర్మనీలోని వోర్మ్స్‌లో లోరెంజ్ ఎన్‌జింగర్ బీరు ఫిల్టర్‌ను రూపొందించాక ఆ తేటదనం రోజువారీ ఉత్పత్తిలో సాధ్యమైంది. కొలోన్ నగరపు కోల్ష్ బీరుకు అది నియమంగానే మారింది. అక్కడి బ్రూవరీలు 1986లో కుదుర్చుకున్న ఒడంబడిక ప్రకారం కోల్ష్ తేటగా ఉండి తీరాలి, వడకట్టని దాన్ని వీస్ అనే వేరే పేరుతో పిలుస్తారు. మరోవైపు అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో ది ఆల్కెమిస్ట్ బ్రూవరీ 2011 నుంచి క్యాన్లలో అమ్ముతున్న హెడీ టాపర్ వడకట్టని మసక బీరు. అలాంటి బీర్లకు ఆదరణ ఎంతగా పెరిగిందంటే, 2018లో అమెరికా బీరు తయారీదారుల సంఘమైన బ్రూవర్స్ అసోసియేషన్ తన బీరు శైలుల పట్టికలో వాటికి విడిగా స్థానం ఇచ్చింది. మసకే అందమైన బీరును వడకట్టనక్కర లేదు, గోధుమ బీరును వడకట్టడమూ చాలాచోట్ల అనవసరమే. కోల్ష్, పిల్స్‌నర్ వంటి లేత, సున్నితమైన బీర్ల విషయంలో మాత్రం ఈ ప్రశ్నను తప్పించుకోలేం, కాబట్టి ఇకపై చెప్పేదంతా వాటిని దృష్టిలో పెట్టుకున్నదే.

ద్రవంలో ఒక కణం కిందికి దిగే వేగం దాని వ్యాసపు వర్గానికీ, కణానికీ ద్రవానికీ మధ్య సాంద్రతలో ఉన్న తేడాకూ అనులోమంగా, ద్రవపు చిక్కదనానికి విలోమంగా ఉంటుందని 1851లో శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ చూపించాడు. సున్నా డిగ్రీలకు దగ్గరగా ఉన్న బీరులో ఆరు మైక్రాన్ల ఒంటరి ఈస్ట్ కణానికి ఈ సూత్రాన్ని వర్తింపజేస్తే గంటకు సుమారు ఒకటిన్నర మిల్లీమీటరు వస్తుంది. రెండు మీటర్ల ఎత్తున్న ట్యాంకులో పైనుంచి అడుక్కి చేరడానికి దానికి దాదాపు రెండు నెలలు పడుతుందన్నమాట. కణాలు కలిసి పది రెట్ల వ్యాసం ఉన్న గుత్తిగా మారితే వేగం నూరు రెట్లు కావాలి. గుత్తుల మధ్య బీరు ఇరుక్కుని ఉండటం వల్ల వాస్తవంలో అంత పెరగకపోయినా, నెలల పని రోజుల్లోకి వస్తుంది. బీరు తేటపడటం ఈస్ట్ రకం ఎంపికతోనే మొదలవుతుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. గుత్తులు కట్టి అడుక్కి దిగే ఈస్ట్‌ను ఎంచుకున్న బ్రూవరీకి ఫిల్టర్ దగ్గర సగం కష్టం తగ్గుతుంది. కోల్ష్ చేసేవారికి ఆ సౌకర్యం ఉండదు, ఎందుకంటే ఆ బీరుకు దాని రుచిని ఇచ్చే ఈస్ట్ రకాలు చాలావరకు గుత్తులు కట్టకుండా పొడిపొడిగా తేలుతూ ఉండే స్వభావం ఉన్నవి.

చలి రెండో సాధనం. ప్రొటీన్లు, పాలీఫినాల్‌లు కలిసి ఏర్పరచే మసక సున్నా డిగ్రీల దగ్గర కనబడుతుంది, ఇరవై డిగ్రీల దగ్గర తిరిగి కరిగిపోతుంది. బీరును ఆరేడు డిగ్రీల దగ్గర వడకడితే అప్పటికింకా కరిగి ఉన్న పదార్థం ఎంత సన్నని ఫిల్టర్ గుండానైనా నిరాటంకంగా దాటిపోయి, కొన్నవారి ఫ్రిజ్‌లో మసకగా ప్రత్యక్షమవుతుంది. అయిదు శాతం ఆల్కహాలు ఉన్న బీరు సుమారు మైనస్ రెండు డిగ్రీల దాకా గడ్డకట్టదు. కాబట్టి మైనస్ ఒకటికీ సున్నాకూ మధ్య కనీసం నాలుగైదు రోజులు, వీలైతే వారం నిలిపి, అదే చలిలో వడకట్టాలి. ట్యాంకులో చలి సరిగ్గానే ఉన్నా, ట్యాంకుకూ ఫిల్టర్‌కూ మధ్య ఉన్న పొడవాటి గొట్టంలోనో, ముందుగా చల్లబరచని ఫిల్టర్ లోహంలోనో బీరు మూడు నాలుగు డిగ్రీలు వేడెక్కితే ఆ శ్రమ వృథా అవుతుంది.

మూడోది తేటపరిచే పదార్థాలు. బురద నీటి కుండలో చిల్లగింజ అరగదీసి తేర్చుకోవడం తెలుగు పల్లెల్లో పాత అలవాటే, బీరు ట్యాంకులో వాడే పదార్థాలు చేసేదీ అటువంటి పనే. చేపల గాలితిత్తి నుంచి తీసే ఐసింగ్లాస్‌లోని కొలాజెన్ అనే ప్రొటీన్ ధనావేశంతో, ఈస్ట్ కణాల ఉపరితలం ఋణావేశంతో ఉండటం వల్ల రెండూ అతుక్కుని అడుక్కి దిగుతాయి. శాకాహారులకు ఇది అభ్యంతరకరం, గిన్నిస్ సంస్థ కూడా దీని వాడకాన్ని మానేస్తున్నట్టు 2015లో ప్రకటించింది. దీనికి బదులుగా సిలికా ద్రావణాలు ఉన్నాయి. మసకకు కారణమయ్యే ప్రొలీన్ అనే అమైనో ఆమ్లం అధికంగా ఉన్న ప్రొటీన్లను సిలికా జెల్ పట్టుకుంటుంది, పాలీఫినాల్‌లను పీవీపీపీ అనే కరగని ప్లాస్టిక్ పొడి పట్టుకుంటుంది. పులియబెట్టడం మొదలుపెట్టేటప్పుడే వేసే ఒక ఎంజైము ఆ ప్రొటీన్లను ప్రొలీన్ దగ్గర తెంపి, మసక కట్టే శక్తినే తగ్గిస్తుంది. పరికరాలు తక్కువగా ఉన్న బ్రూవరీకి ఈ ఎంజైము చాలా విలువైనది, ఎందుకంటే దానికి అదనంగా ఒక్క గొట్టం కూడా బిగించనక్కర లేదు.

ఇవన్నీ చేశాక సూక్ష్మదర్శిని కింద ఈస్ట్‌ను లెక్కించాలి. పులియడం ఉధృతంగా ఉన్నప్పుడు మిల్లీలీటరుకు కొన్ని కోట్ల కణాలు ఉంటాయి. ఫిల్టర్ దగ్గరికి వచ్చేసరికి ఆ సంఖ్య పది లక్షలకు మించకూడదు, ఇంకా తగ్గితే మరీ మంచిది. అంతకు మించి ఉన్న బీరును ఫిల్టర్‌కు ఎక్కిస్తే మొదటి అరగంటలోనే రంధ్రాలు పూడుకుపోతాయి, ఒత్తిడి పెరుగుతుంది, పని మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది, ఆగి మొదలైన ప్రతిసారీ గాలి లోపలికి వస్తుంది.

ఫిల్టర్ల విషయానికి వస్తే, పెద్ద బ్రూవరీలు దశాబ్దాలుగా ఎక్కువగా నమ్ముకున్నది కీసెల్‌గర్‌ను, అంటే డయాటమ్ అనే సూక్ష్మ నాచుల శిలాజాల పొడిని. జల్లెడ మీద ముందు ఈ పొడిని పొరగా పరిచి, తర్వాత బీరులోనూ కొద్దికొద్దిగా కలుపుతూ పోతే, పొర మందం పెరుగుతున్న కొద్దీ ఎప్పటికప్పుడు కొత్త ఉపరితలం ఏర్పడి వడపోత ఆగకుండా సాగుతుంది. ఫలితం బాగుంటుంది, లీటరుకయ్యే ఖర్చూ తక్కువే. అయితే కాల్చి శుద్ధి చేసిన ఈ పొడిలో స్ఫటిక రూప సిలికా ఉంటుంది. పీల్చిన స్ఫటిక సిలికాను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి మొదటి వర్గంలో చేర్చింది. ధూళిని పీల్చివేసే ఏర్పాటు, సరైన మాస్కులు, వాడిన పొడిని పారవేయడానికి పద్ధతి ఉన్న చోట దీన్ని భద్రంగా వాడవచ్చు. ఒకరిద్దరు పనివారు మూసి ఉన్న గదిలో సంచి చింపి చేత్తో పొడి పోసే చోట దీన్ని అసలు తేకూడదు. బీరు ఎంత తేటగా వచ్చినా ఆ పనివారి ఊపిరితిత్తులకు అది బదులు కాదు.

చిన్న బ్రూవరీల్లో ఎక్కువగా కనిపించేది పలకల ఫిల్టర్. సెల్యులోజుతో, పెర్లైట్ వంటి ఖనిజాలతో చేసిన మందపాటి షీట్లను పలకల మధ్య బిగించి బీరును వాటి గుండా పంపుతారు. షీటు కేవలం రంధ్రాలతోనే ఆపదు, తన మందమంతటా మెలికలు తిరిగిన దారుల్లో, కొంత విద్యుదావేశంతో కూడా నలుసులను పట్టుకుంటుంది. వాడే ముందు చల్లని నీటితో బాగా కడగకపోతే మొదటి బీరుకు కాగితపు రుచి అంటుకుంటుంది. తర్వాత 80 డిగ్రీలకు పైబడిన వేడి నీటిని ఇరవై నిమిషాలైనా నడిపి, మళ్లీ చల్లబరచి, అప్పుడు బీరును ఎక్కించాలి. ఈ ఫిల్టర్‌కున్న దోషం, షీట్ల అంచుల నుంచి బీరు చుక్కలుగా కారడం. కారే చోట సూక్ష్మజీవులు చేరతాయి, పరిసరాలు జిగటగా మారతాయి. అవే షీట్లను గుండ్రని దొంతరగా పేర్చి, మూసి ఉన్న స్టీలు గూడులో అమర్చేది లెంటిక్యులర్ ఫిల్టర్. ధర ఎక్కువైనా చుక్క కారదు, గూడును కార్బన్ డయాక్సైడ్‌తో ముందే నింపి ఉంచవచ్చు, వెనుక నుంచి వేడి నీటితో కడిగి మళ్లీ వాడుకోవచ్చు. కొత్తగా కొనే చిన్న బ్రూవరీకి ఇదే మేలైన ఎంపిక అనిపిస్తుంది. గిరగిరా తిప్పి బరువైనవాటిని వేరుచేసే సెంట్రిఫ్యూజ్ ఈస్ట్‌ను వేగంగా తీస్తుంది, బీరు నష్టం తగ్గిస్తుంది, కానీ సన్నని మసకను, బ్యాక్టీరియాను పూర్తిగా తీయలేదు. క్రాస్‌ఫ్లో పొరల ఫిల్టర్ (బీరును సన్నని పొర వెంబడి పారిస్తూ వడకట్టేది) అద్భుతంగా పనిచేస్తుంది గాని వెయ్యి లీటర్ల స్థాయిలో దాని ధర గిట్టుబాటు కాదు.

ఏ ఫిల్టర్ వాడినా, ముందూ వెనకా ఒత్తిడి కొలిచే మీటర్లు ఉండాలి. ప్రవాహాన్ని తగ్గించి నెమ్మదిగా నడపడం, ఒత్తిడిలో ఒక్కసారిగా కుదుపు రానివ్వకపోవడం ముఖ్యం. ఒక కుదుపుతో షీటు లోపల పట్టుకున్న మడ్డి అంతా ఊడి బయటికి వస్తుంది. కార్బన్ డయాక్సైడ్ విషయంలోనూ ఇదే జాగ్రత్త కావాలి. ఒక డిగ్రీ చలిలో రెండున్నర పరిమాణాల (లీటరు బీరుకు రెండున్నర లీటర్ల) వాయువు కరిగి ఉన్న బీరును నురగ రాకుండా పట్టి ఉంచడానికి బయటి గాలి ఒత్తిడికి అదనంగా సుమారు 0.6-0.7 బార్ ఒత్తిడి కావాలి (ఒక బార్ దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత). ఫిల్టర్ బయటి వైపు ఒత్తిడి అంతకంటే తగ్గిందంటే వాయువు షీటు లోపలే బుడగలుగా విడిపోతుంది, వడపోత చెడుతుంది, నురగ నిలబెట్టే ప్రొటీన్లూ అక్కడే పోతాయి. అందుకే అందుకునే ట్యాంకును ముందుగానే ఒత్తిడితో నింపి ఉంచి, ఆ ఒత్తిడిని కొద్దికొద్దిగా వదులుతూ బీరును లోపలికి రానిస్తారు.

అన్నిటికంటే బరువైన విషయం ఆక్సిజన్. నింపిన క్యానులో మొత్తం ఆక్సిజన్ 50 పీపీబీ, అంటే వంద కోట్ల వంతుల్లో 50 వంతులు, మించకూడదన్నది మంచి బ్రూవరీలు పెట్టుకునే లక్ష్యం. ఆ అంకె ఎంత చిన్నదో లెక్కలోకి దిగితేనే తెలుస్తుంది. మామూలు గది ఉష్ణోగ్రతలో ఒక లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అది వెయ్యి లీటర్ల బీరులో పూర్తిగా కరిగితే 280 పీపీబీ అవుతుంది. 38 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, మూడు మీటర్ల పొడవు ఉన్న ఒక్క గొట్టంలో దాదాపు 3.4 లీటర్ల గాలి పడుతుంది. దాన్ని ఖాళీ చేయకుండా బీరు వదిలితే, అందులో పదో వంతు కరిగినా లక్ష్యాన్ని దాటిపోయినట్టే. నీటి సంగతీ ఇంతే. ఇరవై డిగ్రీల కుళాయి నీటిలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగి ఉంటుంది. ఫిల్టర్‌ను కడిగిన నీటిలో పది లీటర్లు వెయ్యి లీటర్ల బీరులో కలిస్తే, బీరు పలచబడటం ఎవరికీ తెలియదు గాని 90 పీపీబీ ఆక్సిజన్ చేరిపోతుంది. కనుక ఫిల్టర్‌ను నింపే నీరు ఆక్సిజన్ తీసిన నీరై ఉండాలి. అందుకు ప్రత్యేక యంత్రం లేనివారు నీటిని కాచే పాత్రలో బాగా మరిగించి, కార్బన్ డయాక్సైడ్ కింద చల్లబరచి వాడుకోవచ్చు. బీరు వచ్చాక మొదట వచ్చే నీటి మిశ్రమాన్ని కక్కుర్తి పడకుండా వదిలేయాలి.

అందుకునే ట్యాంకు అడుగున కార్బన్ డయాక్సైడ్ వదిలితే అది బరువు వల్ల దుప్పటిలా పరుచుకుని గాలిని పైకి నెడుతుందన్న నమ్మకం బ్రూవరీల్లో బాగా పాతుకుపోయింది. వాయువులు అలా విడివిడిగా పొరలు కట్టి నిలవవు, వేగంగా కలిసిపోతాయి. ట్యాంకును ఒక బార్ అదనపు ఒత్తిడికి నింపి వదిలితే ప్రతిసారీ లోపలి ఆక్సిజన్ సగం మాత్రమే తగ్గుతుంది. 21 శాతం నుంచి 0.02 శాతానికి రావడానికి పది సార్లు అలా చేయాలి. నమ్మదగ్గ పద్ధతి, ట్యాంకును ఆక్సిజన్ తీసిన నీటితోనో క్రిమిసంహారక ద్రావణంతోనో పూర్తిగా నింపి, దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కిందినుంచి బయటికి నెట్టేయడం. కొనే వాయువు ఖర్చు గురించి బెంగపడేవారు మరో సంగతి గమనించాలి. మామూలు గాఢత ఉన్న వెయ్యి లీటర్ల బీరు పులిసేటప్పుడు 35 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, అంటే గది ఉష్ణోగ్రతలో దాదాపు ఇరవై వేల లీటర్లు. చాలా చోట్ల అదంతా ఒక బకెట్టులో బుడగలుగా గాలిలో కలిసిపోతుంది. మొదట వచ్చే గాలి కలిసిన భాగాన్ని వదిలేసి, ఆ తర్వాతి వాయువును ఖాళీ ట్యాంకు గుండా నడిపిస్తే ఆ ట్యాంకు ఖర్చు లేకుండానే సిద్ధమవుతుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఆక్సిజన్ సోకిన తేట బీరు కొన్ని వారాల్లోనే తడి అట్టపెట్టె వాసనకు దిగుతుంది, హాప్స్ పరిమళం ముందుగా మాయమవుతుంది, రంగు ముదురుతుంది. వడకట్టని బీరులో కొంత కాలమైనా ఈస్ట్ అడ్డు పడేది, ఇక్కడ అడ్డు పడేది లేదు. ఆక్సిజన్‌ను అదుపు చేయలేని వడపోత కంటే అసలు వడకట్టకపోవడమే మేలని చెప్పడానికి కారణం ఇదే.

తేటగా ఉన్న బీరు సూక్ష్మజీవులు లేని బీరనుకోవడం మరో ప్రమాదం. మామూలు షీట్లు దాటిన బీరు మెరుస్తూనే బ్యాక్టీరియాను మోసుకుపోగలదు. వాటిని ఆపడానికి చివర 0.45 మైక్రాన్ల పొర ఉన్న కార్ట్రిడ్జ్ కావాలి. అది కూడా రంధ్ర పరిమాణం కచ్చితంగా హామీ ఇచ్చినదై ఉండాలి, సుమారుగా చెప్పినది పనికిరాదు. ప్రతి వాడకానికీ ముందూ తర్వాతా పొర చెక్కుచెదరకుండా ఉందో లేదో వాయు ఒత్తిడితో పరీక్షించాలి. అమెరికాలో కూర్స్ సంస్థ 1959లోనే పాశ్చరైజేషన్‌ను వదిలి ఇలాంటి సూక్ష్మ వడపోతకు మారింది, అయితే ఆ దారి పట్టాలంటే ఫిల్టర్ తర్వాత వచ్చే ప్రతి గొట్టమూ, నింపే ప్రతి నాజిలూ అంతే శుభ్రంగా ఉండాలి. అది సాధ్యపడని చోట నింపాక పాశ్చరైజ్ చేయడమే నిజాయితీ గల పరిష్కారం. 60 డిగ్రీల దగ్గర ఒక నిమిషాన్ని ఒక యూనిట్‌గా లెక్కించి, సాధారణంగా 15 నుంచి 30 యూనిట్ల వేడి ఇస్తారు. మిగిలిన పిండి చక్కెరలను కూడా తినగల డయాస్టాటికస్ అనే ఈస్ట్ రకం ఒకటి ఉంది. అది కొద్దిగా మిగిలి, క్యానులో లీటరుకు పది గ్రాముల చక్కెర పులిసినా రెండు పరిమాణాలకు పైగా అదనపు వాయువు పుట్టి క్యాను ఉబ్బుతుంది, పగలవచ్చు కూడా.

నష్టం లెక్క కూడా చిన్న బ్రూవరీకి వ్యతిరేకంగానే ఉంటుంది. ఫిల్టర్‌లోనూ గొట్టాల్లోనూ చివరకు ముప్పై లీటర్ల బీరు మిగిలిపోయిందనుకుంటే, యాభై వేల లీటర్ల ట్యాంకుకు అది లెక్కలోకి రాదు, వెయ్యి లీటర్లకు మూడు శాతం. అందుకని ఒకే రకం బీరు రెండు ట్యాంకులను ఒకే రోజు వరుసగా వడకట్టుకోవడం తెలివైన పని.

వడకట్టిన బీరు ఎక్కడ, ఎంత వేడిలో, ఎన్నాళ్లు నిలవ ఉంటుందన్నది తయారీదారు చేతిలో ఉండదు. మూడు రోజులు 32 డిగ్రీల్లో, ముప్పై రోజులు 22 డిగ్రీల్లో, మూడు వందల రోజులు 3 డిగ్రీల్లో ఉన్న బీరు ఇంచుమించు ఒకేలా పాతబడుతుందని అమెరికా బ్రూవర్లు చెప్పుకునే మోటు లెక్క ఒకటుంది. తెలుగు రాష్ట్రాల వేసవిలో నీడన కూడా 40 డిగ్రీలు దాటే రోజులుంటాయి కాబట్టి ఆ లెక్కను ఇక్కడ మరింత గట్టిగా తీసుకోవాలి. హైదరాబాద్‌లో గత దశాబ్దంలో వెలిసిన మైక్రోబ్రూవరీల్లోలాగా చల్లని ట్యాంకు నుంచి నేరుగా గ్లాసులోకి వెళ్లే బీరుకు చలి, కాలం, మంచి ఈస్ట్ చాలు, ఫిల్టర్ లేకపోవడం లోపం కాదు. చలి తప్పే దారిలో ప్రయాణించే సీసాకు, క్యానుకు మాత్రం పైన చెప్పిన ప్రతి జాగ్రత్తా వర్తిస్తుంది.

ఆ జాగ్రత్తలు ఫలించాయో లేదో కొలిచి చూడాలి. ప్రతి విడత నుంచి కొన్ని సీసాలు పక్కన పెట్టి, 60 డిగ్రీల వేడిలోనూ సున్నా డిగ్రీల చలిలోనూ మార్చి మార్చి ఉంచితే, నెలల తర్వాత రావలసిన మసక కొద్ది రోజుల్లోనే బయటపడుతుంది. కరిగిన ఆక్సిజన్‌ను మొదటి ట్యాంకులో, ఫిల్టర్ బయట, రెండో ట్యాంకులో, మూత వేసిన క్యానులో, నాలుగు చోట్లా కొలిచి రాసుకోవాలి. మీటరు ఖరీదైనదైతే అద్దెకైనా తెచ్చుకోవాలి. మొదటి ట్యాంకులో 10, ఫిల్టర్ బయట 30, రెండో ట్యాంకులో 35, క్యానులో 150 పీపీబీ కనిపించిన బ్రూవరీ కొత్త ఫిల్టర్‌కు డబ్బు కూడబెట్టడం దండగ, అక్కడ బాగు చేయవలసింది క్యాన్లు నింపే యంత్రాన్ని.